నల్లగొండ, పాలమూరు నుంచి హిమాలయాలకు: తొలి బృంద ట్రెక్‌కు సమగ్ర మార్గదర్శి

నల్లగొండలో పుట్టి పెరిగినవారికి గుట్ట ఎక్కడం కొత్త కాదు. లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కి ఉర్సు చూసినవారు, దేవరకొండ ఖిల్లా గోడల వెంట నడిచినవారు, చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం లోయలోకి దిగి లింగమయ్యను దర్శించుకుని మళ్లీ ఎక్కివచ్చినవారు మన రెండు జిల్లాల్లో వాడవాడకూ ఉంటారు. అయినా హిమాలయాలకు వెళ్లిన మన బృందాల్లో కాళ్లలో సత్తువ ఉన్నవారే ముందుగా పడకేయడం నేను ఒకటికి నాలుగుసార్లు చూశాను. వారు గుట్టను చూసి వేగంగా ఎక్కుతారు, తలనొప్పి వస్తే చెప్పుకోవడానికి నామోషీ పడతారు, రాత్రయ్యేసరికి లేవలేని స్థితికి వస్తారు. నెమ్మదిగా నడవడం, ఒంట్లో ఉన్నది ఉన్నట్టు గైడుకు చెప్పడం అనే రెండు విషయాలు పట్టుబడితే మిగిలిన ఏర్పాట్లన్నీ డబ్బుతోనూ సాధనతోనూ సమకూరుతాయి. ఈ వ్యాసంలో అడుగడుగునా ఆ రెంటి దగ్గరికే తిరిగి వస్తాను.

ఉదాహరణకు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌ను తీసుకుంటున్నాను. శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు, అంటే దాదాపు 12,500 అడుగులు. మొదటిసారి మంచులో నడవదలచిన వారికి ఇది తగిన కొండ. ఇందులో చెప్పే పద్ధతి ఇతర ట్రెక్‌లకూ వర్తిస్తుంది.

మొదటి మెట్టు: ఎత్తు ఏం చేస్తుందో తెలుసుకోవడం

మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలోనూ, కేదార్‌కంఠ శిఖరం మీది గాలిలోనూ ఆక్సిజన్ పాలు ఒకటే, నూటికి 21. మారేది గాలి ఒత్తిడి. 3,800 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉండే దానిలో మూడింట రెండు వంతులకన్నా కొంచెం తక్కువకు పడిపోతుంది కాబట్టి, ప్రతి శ్వాసకూ ఊపిరితిత్తుల్లోకి చేరే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు. ముందు శ్వాస వేగం పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, మూత్రం ఎక్కువగా పోతుంది, ఆ తర్వాత రోజుల మీద రక్తంలోనూ మార్పులు వస్తాయి. ఈ సర్దుబాటుకు కావలసింది వ్యవధి. ఎంత బలమైన మనిషికైనా దీన్ని ముందుగా ఇంటి దగ్గర సాధన చేసి తెచ్చుకోవడం కుదరదు.

అందుకే పర్వత వైద్యంలో ఒక నియమం స్థిరపడింది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. పగటిపూట అంతకన్నా ఎత్తుకు వెళ్లి రాత్రికి కిందికి వచ్చి పడుకోవడం మేలే చేస్తుంది. మీకు చూపించే ఏ కార్యక్రమ పట్టికనైనా ఈ నియమంతో సరిచూసుకోండి. కేదార్‌కంఠ పట్టికలో నడక మొదలయ్యే సాంక్రీ గ్రామం దాదాపు 1,950 మీటర్లు, మొదటి క్యాంపు అయిన జుడా కా తాలాబ్ 2,700 మీటర్లకు కాస్త పైన, రెండో క్యాంపు సుమారు 3,400 మీటర్లు. అంటే రోజుకు 600 నుంచి 800 మీటర్ల పెరుగుదల, కొంత తొందర నడకే. మైదానం నుంచి నేరుగా వచ్చే మనవాళ్లకు సాంక్రీలో ఒక రోజు అదనంగా ఆగమని నేను గట్టిగా చెబుతాను. ఒక రోజు గది అద్దె, భోజనం ఖర్చు పెరుగుతుందని చాలామంది వెనకాడతారు గాని, మొత్తం ప్రయాణంలో అంతకన్నా ఫలితమిచ్చే ఖర్చు మరొకటి లేదు.

రెండో మెట్టు: కాలం, రోజులు నిర్ణయించుకోవడం

కేదార్‌కంఠకు డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా మంచు కోసం వెళతారు. డిసెంబరు చివరి వారంలో దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి క్యాంపులు కిక్కిరిసిపోతాయి, జనవరిలో చలి తీవ్రంగా ఉంటుంది. ఫిబ్రవరి చివర లేదా మార్చి మొదట్లో వెళితే పై భాగంలో మంచు ఇంకా ఉంటుంది, పగలు ఎండ కాస్తుంది, రద్దీ తగ్గుతుంది. మొదటిసారి వెళ్లేవారికి ఆ సమయమే మంచిదని నా అభిప్రాయం.

డెహ్రాడూన్ నుంచి డెహ్రాడూన్ దాకా ఆరు రోజులు, సాంక్రీలో అదనపు రోజు, రానుపోను రైలు ప్రయాణాలు, వాతావరణం అడ్డుపడితే చేతిలో ఉండవలసిన ఒక రోజు అన్నీ కలిపి పన్నెండు రోజులు చేతిలో పెట్టుకోవాలి. సంక్రాంతి సెలవుల్లో ఇరికించాలని చూసిన ప్రతిసారీ కోత పడేది విశ్రాంతి రోజు మీదే, కాబట్టి సెలవు దొరకకపోతే ఆ ఏడు మానుకుని మరుసటి ఏడు వెళ్లడం ఉత్తమం.

మూడో మెట్టు: నిర్వాహకులను పరీక్షించి ఎంచుకోవడం

ధర అడిగే ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. బృందంతో నడిచే ప్రధాన గైడు ఎవరు, ఆయన పర్వతారోహణ కోర్సు ఎక్కడ చేశారు అన్నది మొదటి ప్రశ్న. 1954లో ఏర్పడిన డార్జిలింగ్ హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, 1965లో ఏర్పడిన ఉత్తరకాశీ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ వంటి సంస్థల్లో ప్రాథమిక, ఉన్నత స్థాయి కోర్సులు ఉంటాయి. ఆ ధ్రువపత్రం, దానితో పాటు ప్రథమ చికిత్సలో శిక్షణ పొందిన పత్రం చూపించమనడంలో తప్పు లేదు. రెండో ప్రశ్న, ఎంతమందికి ఎందరు గైడ్లు అన్నది. పన్నెండు మందికి కనీసం ఇద్దరు, వీలైతే ముగ్గురు ఉండాలి. ఒకరు ముందు, ఒకరు అందరికన్నా వెనక నడవాలి. ఎవరైనా దిగవలసి వస్తే వెంట వెళ్లేందుకు మూడో మనిషి పనికి వస్తాడు.

మూడోది, ప్రతి క్యాంపులోనూ ఆక్సిజన్ సిలిండరు, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటరు, స్ట్రెచరు ఉంటాయా, రాత్రి పన్నెండు గంటలకు ఒకరిని దించవలసి వస్తే ఎవరు మోస్తారు, వాహనం ఎక్కడికి వస్తుంది, ఏ ఊరి ఆసుపత్రికి తీసుకెళతారు అని విడివిడిగా అడగడం. "అలాంటి ఇబ్బంది ఎప్పుడూ రాలేదండీ" అని నవ్వేసే నిర్వాహకులను వదిలేయండి. రోడ్డు పేరు, సాంక్రీలో ఉండే వాహనం, దారిలో పట్టే గంటలు తడుముకోకుండా చెప్పగలిగినవారే ఆ పని ఎప్పుడో చేసి ఉంటారు. వీటితో పాటు అటవీ శాఖ అనుమతి ఎవరు తీసుకుంటారో, టెంటుకు ఎంతమందో, చివరి నిమిషంలో మానుకుంటే డబ్బు ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. ట్రెకింగ్‌కు వర్తించే బీమాను మీరే విడిగా చేయించుకోవడం మంచిది, ఎందుకంటే మామూలు ఆరోగ్య బీమాల్లో చాలావాటికి కొండ మీది నుంచి దించే ఖర్చుతో సంబంధం ఉండదు.

నాలుగో మెట్టు: వైద్యుడి దగ్గరికి

బయలుదేరడానికి రెండు నెలల ముందే వైద్యుడిని కలవాలి. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, ఈసీజీ అందరికీ అవసరం. నలభై అయిదు దాటినవారు ట్రెడ్‌మిల్ పరీక్ష గురించి అడగాలి. రక్తహీనత ఉంటే, ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ మోసుకెళ్లే శక్తి రక్తానికి తగ్గుతుంది కాబట్టి ముందుగా దాన్ని సరిచేసుకోవాలి. మన ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉంటే, తమకు లక్షణాలేవీ లేకున్నా ఆ పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే ఎత్తుప్రదేశాల్లో ప్లీహానికి హాని కలిగే అవకాశం ఉంది. ఇన్సులిన్ వాడేవారు దాన్ని గడ్డకట్టనివ్వకుండా ఒంటికి ఆనించుకుని లోపలి జేబులో పెట్టుకోవాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

మన ప్రాంతానికే చెందిన ఒక మాట ఇక్కడ చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగి పెరిగినవారిలో ఫ్లోరైడ్ వల్ల వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోవడం మనకు తెలిసిన బాధే. బయటికి ఆరోగ్యంగా కనిపించే యువకుల్లోనూ కొందరికి పొద్దున లేవగానే నడుము పట్టేస్తుంటుంది. అలాంటివారు ఎముకల వైద్యుడికి చూపించుకుని, బరువు మోస్తూ రోజుల తరబడి దిగడం తమకు తగునో లేదో తేల్చుకున్నాకే డబ్బు కట్టాలి. కీళ్లు సహకరించకపోతే సామాను కంచర గాడిద మీద వేయించి వెళ్లే ఏర్పాటు దాదాపు ప్రతి నిర్వాహకుడి దగ్గరా ఉంటుంది. అందులో చిన్నతనమేమీ లేదు.

ఎత్తులో ఆక్సిజన్ చాలక వచ్చే ఎత్తు జబ్బు రాకుండా వాడే అసిటజోలమైడ్ అనే మందు, డయామాక్స్ పేరుతో దుకాణాల్లో దొరికేది, సాధారణంగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ఒక రోజు ముందు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారికి ఇది ప్రమాదం కావచ్చు. వేళ్లలో తిమ్మిరి, ఎక్కువ మూత్రం దీనితో మామూలే. వైద్యుడు రాసిస్తేనే వాడాలి, ఇంటి దగ్గరే ఒకటి రెండు రోజులు వేసుకుని పడుతుందో లేదో చూసుకోవాలి.

అయిదో మెట్టు: పది వారాల సాధన

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వారి తొలి శిక్షణ మన భువనగిరి ఖిల్లా బండ మీదే జరిగింది. ఆ మాట గుర్తుకు వచ్చినప్పుడల్లా మనకు దగ్గర్లో ఎంత మంచి సాధనశాల ఉందో నాకు మళ్లీ తెలిసివస్తుంది.

మొదటి మూడు వారాలు రోజూ ముప్పావు గంట చురుకైన నడక చాలు. నాలుగో వారం నుంచి మెట్లు మొదలుపెట్టాలి. పాలమూరు వారికి మన్యంకొండ, కోయిల్‌కొండ ఖిల్లా, నల్లగొండ వారికి లతీఫ్ సాహెబ్ గుట్ట, దేవరకొండ దగ్గరవుతాయి. వీపు సంచిలో మొదట నాలుగు కిలోలు, తర్వాత ఎనిమిది కిలోల దాకా బియ్యం గాని నీళ్ల సీసాలు గాని వేసుకుని ఎక్కి దిగండి. ఏడో వారం నుంచి ప్రతి శని, ఆదివారాలు వరుసగా రెండు రోజులూ గుట్ట ఎక్కడం తప్పనిసరి చేసుకోండి. ట్రెక్‌లో కష్టం మొదటి రోజు కాదు, నిన్నటి అలసట తీరకముందే మళ్లీ లేచి నడవవలసిన రెండో ఉదయం. చివరి వారంలో బరువు వదిలేసి తేలికగా నడవండి.

ఎక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి తొడలు కావాలి. మనం రెండో దాన్ని మరచిపోతాం. గుంజీలు, ముందుకు అడుగు వేసి మోకాలు వంచే వ్యాయామం రోజూ చేస్తే దిగేటప్పుడు మోకాళ్లు వణకవు. అయిదు కిలోమీటర్లను నలభై నిమిషాల లోపు ఆయాసం లేకుండా పూర్తి చేయగలిగితే మీ దేహం సిద్ధంగా ఉన్నట్టు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. భువనగిరి బండపై మెట్లు వదిలి నున్నటి ఏటవాలు మీదికి తాళ్లు, శిక్షకుడు లేకుండా వెళ్లకండి, వాన పడితే అది సబ్బులా జారుతుంది. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి సాధన పేరుతో చొరబడకండి. సలేశ్వరం దారి జాతర రోజుల్లో మాత్రమే అటవీ శాఖ తెరుస్తుంది.

ఆరో మెట్టు: బట్టలు, సామాను

ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. జనవరి రాత్రుల్లో రెండో క్యాంపు దగ్గర సున్నాకు పది డిగ్రీల కిందికి పోవడం మామూలే. ఒక దళసరి స్వెటరుతో ఈ చలి ఆగదు. మూడు పొరలు కావాలి. ఒంటికి తగిలే పొర చెమటను పీల్చి బయటికి పంపే థర్మల్, దాని మీద వేడిని పట్టి ఉంచే ఫ్లీస్, పైన గాలినీ తడినీ ఆపే జాకెట్. క్యాంపులో కూర్చున్నప్పుడు వేసుకునేందుకు ఈకలు నింపిన జాకెట్ అదనం. నూలు బనియన్లు, జీన్సు ప్యాంట్లు ఇంట్లోనే వదిలేయండి. మన ఎండలకు చల్లగా ఉండే నూలే అక్కడ చెమటకు తడిసి, ఆరక, ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది.

బూట్ల మీద రాజీ పడవద్దు. మామూలు కొలత కన్నా ఒక సైజు పెద్దవి, చీలమండను పట్టి ఉంచేవి, నీరు లోపలికి రానివి కొనాలి. సాధన నడకలన్నీ వాటితోనే చేయాలి. కొత్త బూట్లతో కొండకు వచ్చినవారి మడమలు మొదటి సాయంత్రానికే బొబ్బలెక్కుతాయి. మంకీ క్యాప్, రెండు జతల చేతి తొడుగులు, నాలుగు జతల ఉన్ని సాక్సులు, నెత్తికి పెట్టుకునే హెడ్‌ల్యాంప్, అతినీలలోహిత కిరణాలను ఆపే నల్ల కళ్లద్దాలు, ఎస్‌పీఎఫ్ 50 క్రీము ప్రతి ఒక్కరికీ ఉండాలి. కొత్త మంచు మీద పడిన ఆ కిరణాల్లో అత్యధిక భాగం తిరిగి ముఖం మీదికే వస్తుంది కాబట్టి కళ్లద్దాలు లేకుండా కొన్ని గంటలు నడిస్తే కళ్లు మండి, నీరు కారి, తాత్కాలికంగా చూపు కూడా పోవచ్చు. బూట్ల కింద తొడిగే మైక్రోస్పైక్స్, మంచు లోపలికి దూరకుండా పిక్కలకు చుట్టే గేటర్లు సాధారణంగా నిర్వాహకులే ఇస్తారు. ముందే అడిగి నిర్ధారించుకోండి.

తిండి విషయంలో క్యాంపులో రొట్టె, పప్పు, అన్నం, కూర పెడతారు. ఆ ఎత్తులో నీరు 90 డిగ్రీల లోపే మరుగుతుంది, కుక్కరు లేకుండా అన్నం సరిగా ఉడకదు కాబట్టి పలుకుగా ఉందని వంటవారిని తప్పుపట్టకండి. ఎత్తు మీద ఆకలి మందగిస్తుంది, అందుకే నోటికి తెలిసిన రుచి కొంత వెంట ఉంటే రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి. పల్లీ పట్టీలు, వేయించిన శనగలు, ఖర్జూరాలు, బతుకమ్మకు చేసుకునే సత్తుపిండి ముద్దలు చలికి చెడవు, బరువుకు తగిన బలమిస్తాయి. చిన్న సీసాలో చింతకాయ తొక్కు పెట్టుకోవచ్చు.

ఉపగ్రహ ఫోన్లు ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం. ఎవరైనా అరువిచ్చినా తీసుకెళ్లకండి.

ఏడో మెట్టు: సాంక్రీ దాకా ప్రయాణం

నల్లగొండ వారు సికింద్రాబాద్‌కు, పాలమూరు వారు కాచిగూడకు రైలులో చేరుకుని, హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ వంటి బండిలో మరుసటి రోజుకు ఢిల్లీ, అక్కడి నుంచి మరో బండిలో డెహ్రాడూన్ చేరవచ్చు. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్లు అరవై రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు కనుక ఆ రోజునే పొద్దున బృందమంతటికీ కలిపి తీసుకోవాలి. డెహ్రాడూన్ నుంచి సాంక్రీకి దాదాపు 200 కిలోమీటర్లు. ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా వంపులు తిరిగే రోడ్డు, ఎనిమిది గంటలకు తక్కువ పట్టదు. వాంతులయ్యే అలవాటు ఉన్నవారు ముందు సీటు అడిగి కూర్చోవాలి, ఖాళీ కడుపుతో బయలుదేరకూడదు. పురోలాలో డబ్బు తీసుకుని పెట్టుకోండి, ఆ తర్వాత ఏటీఎం మీద ఆశ పెట్టుకోకూడదు. మోరీ దాటాక ఫోన్ సిగ్నల్ కూడా నమ్మదగింది కాదు కాబట్టి ఇంటివారికి అన్ని రోజుల కార్యక్రమమూ ముందే రాసిచ్చి, కబురు రాకపోతే కంగారుపడవద్దని చెప్పి రండి.

బండిలో కూర్చున్నంతసేపూ చేయదగిన పని ఒకటుంది. సాంక్రీ వైపు గైడ్లు హిందీ, గఢ్వాలీ మాట్లాడతారు. మన పట్టణాల వారికి ఉర్దూ కలిసిన హిందీ వస్తుంది గాని, పల్లెల నుంచి వచ్చే పెద్దవారికి, కొందరు పిల్లలకు రాదు. వారికి నాలుగు మాటలు కంఠతా పట్టించండి: "సర్ దర్ద్" అంటే తలనొప్పి, "చక్కర్" అంటే కళ్లు తిరగడం, "ఉల్టీ" అంటే వాంతి, "సాఁస్ నహీఁ ఆ రహీ" అంటే ఊపిరి ఆడటం లేదు. రాత్రివేళ టెంటులో తోడు మనిషి నిద్రలో ఉన్నప్పుడు ఈ నాలుగు మాటలే ప్రాణం నిలబెడతాయి.

ఎనిమిదో మెట్టు: కొండ మీది రోజులు

నడక మొదలయ్యే ఉదయం బృందమంతా కూర్చుని ఒక ఒప్పందం చేసుకోవాలి. ఎవరికైనా దిగవలసి వస్తే తోడుగా ఎవరు దిగుతారు, గైడు వెనక్కి రమ్మన్న చోట వాదన లేకుండా తిరగడానికి అందరికీ సమ్మతమేనా అన్నది అప్పుడే తేల్చాలి. శిఖరం కళ్ల ముందు కనిపిస్తున్నప్పుడు ఆ సంభాషణ ప్రశాంతంగా సాగదు.

నడక వేగానికి కొలమానం మాట. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, రెండు మాటలకే ఊపిరి తెగితే తగ్గించాలి. ఏటవాలులో అడుగు చిన్నదిగా, పాదమంతా ఆనేలా వేయాలి. బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచే వ్యక్తిని ముందు గైడు వెనకే నడిపించండి. ఆ వ్యక్తి వెనకబడితే, విశ్రాంతి చోటికి చేరేసరికి మిగిలినవారు లేచి బయలుదేరుతుంటారు, ఆయనకు రోజంతా విశ్రాంతే దొరకదు. కంచర గాడిదలు ఎదురైతే ఎప్పుడూ కొండవైపు గోడకు ఆనుకుని నిలబడాలి, లోయవైపు నిలబడితే మూట తగిలి జారిపోయే ప్రమాదం ఉంది.

రోజుకు మూడు నాలుగు లీటర్ల నీరు తాగాలి. మూత్రం పసుపు ముదిరితే నీరు చాలలేదని అర్థం. రాత్రి సీసాను తలకిందులుగా పెట్టండి. నీరు పై నుంచి గడ్డకడుతుంది కనుక పొద్దున మూత తేలికగా వస్తుంది. తడిసిన సాక్సులు, ఫోను, పవర్ బ్యాంకు, మరుసటి రోజు తొడుక్కునే తొడుగులు అన్నీ స్లీపింగ్ బ్యాగులో మీతో పాటే పడుకోవాలి. కల్లు, సారా, సిగరెట్, నిద్రమాత్రలు ఈ రోజుల్లో పూర్తిగా నిషిద్ధం. టెంటు లోపల స్టవ్ గాని బొగ్గుల కుంపటి గాని వెలిగిస్తే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

శిఖరానికి తెల్లవారుజామున రెండు మూడు గంటలకే లేపుతారు. రాత్రి చలికి మంచు గట్టిగా ఉండి అడుగు నిలబడుతుంది, ఎండ ఎక్కాక మెత్తబడి మోకాలి దాకా దిగబడుతుంది, మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది. హెడ్‌ల్యాంపుల వరుసలో ముందువారి అడుగుల్లోనే అడుగు వేస్తూ నడవండి. తూర్పు తెల్లబడేసరికి ఎదురుగా స్వర్గారోహిణి శిఖరం కనిపిస్తుంది. ఎత్తు 6,252 మీటర్లు, పాండవులు చివరి నడక నడిచింది ఆ దారినే అని అక్కడివారు చూపిస్తారు. పక్కన బందర్‌పూఁచ్, కాలానాగ్. ఫొటోల కోసం తొడుగులు తీసిన వేళ్లను రెండు నిమిషాల్లో మళ్లీ తొడుగుల్లో పెట్టేయాలి.

తొమ్మిదో మెట్టు: జబ్బును గుర్తించడం

నా మొదటి ట్రెక్‌లో మేము పన్నెండు మందిమి, అందరూ తెలిసినవారే. రెండో క్యాంపు చేరిన మధ్యాహ్నం నుంచీ నాకు కణతల్లో నొప్పి మొదలైంది. సాయంత్రం గైడు ఒక్కొక్కరి వేలికీ ఆక్సీమీటరు పెట్టి అడిగినప్పుడు "ఏమీ లేదు" అన్నాను. భోజనాల దగ్గర ఆయన పళ్లేలను చూస్తూ తిరిగాడు. నా ముందు ఆగి, కదిలించని పప్పన్నం వైపు చూసి, మళ్లీ అడిగాడు. ఆకలి లేదని మళ్లీ అబద్ధం చెప్పాను. రాత్రి పదకొండింటికి వాంతులు పట్టుకున్నాయి. నిలబెడితే కాళ్లు తూలాయి. రెండో గైడు, ఇద్దరు కూలీలు నన్ను ఆ చీకటిలోనే మొదటి క్యాంపుకు దించారు. తెల్లవారేసరికి నాకు నయమైంది. కాని పైన ఒక్క గైడే మిగలడంతో నెమ్మదిగా నడిచే ఇద్దరిని శిఖరానికి తీసుకెళ్లలేకపోయారు. ఆ ఇద్దరూ నెలల తరబడి సాధన చేసి వచ్చినవారు. మధ్యాహ్నమే నిజం చెప్పి ఉంటే నేను వెలుగులో దిగేవాణ్ణి, గైడు సాయంత్రానికి తిరిగి పైకి చేరేవాడు. ఈ వ్యాసం రాయడానికి ఆ రాత్రే కారణం.

కాబట్టి లక్షణాలు గుర్తుంచుకోండి. తలనొప్పితో పాటు వికారం, నీరసం, కళ్లు తిరగడం, ఆకలి లేకపోవడం కనిపిస్తే వేరే కారణం తేలేదాకా దాన్ని ఎత్తు జబ్బుగానే భావించాలి. అప్పుడు పైకి వెళ్లరాదు. అక్కడే ఆగి, నీరు తాగి, విశ్రాంతి తీసుకుంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, తగ్గాకే ఎక్కాలి. పెరిగితే దిగాలి.

రెండు తీవ్రమైన రూపాలు ఉన్నాయి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీ రంగు నురగతో కఫం వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు. మాట తడబడటం, తెలిసిన విషయం మరచిపోవడం, తాగినవాడిలా తూలడం మెదడు వాపుకు గుర్తులు. అనుమానం వస్తే నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనించి నడవమనండి. గీత తప్పితే తెల్లవారేదాకా కూడా ఆగకూడదు, ఆక్సిజన్ పెట్టి ఆ క్షణమే కనీసం 300 మీటర్లు, వీలైతే వెయ్యి మీటర్లు కిందికి దించాలి, ఒంటరిగా పంపకూడదు. ఆక్సీమీటరు అంకె బాగుందని ఈ గుర్తులను తోసిపుచ్చరాదు. చల్లబడిన వేళ్ల మీద అది తప్పు చూపిస్తుంది, సరిగ్గా చూపినా మనిషి స్థితే ప్రమాణం.

చలి దెబ్బ వేరు. ఆగని వణుకు, గుండీలు పెట్టుకోలేని వేళ్లు, ముద్దముద్దగా వచ్చే మాట దాని మొదటి గుర్తులు. తడి బట్టలు మార్చి, స్లీపింగ్ బ్యాగులో పెట్టి, స్పృహలో ఉంటే తీపి కలిపిన వేడి పానీయం పట్టాలి. తెల్లబారి మొద్దుబారిన వేళ్లను రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోట గోరువెచ్చని నీటిలో ఉంచాలి.

పదో మెట్టు: దిగడం, ఇంటికి చేరడం

ఎక్కువగా కాళ్లు మడతపడేది దిగేటప్పుడే. అలసట ఉంటుంది, పని అయిపోయిందన్న భావన ఉంటుంది. మంచులో మడమను గట్టిగా గుచ్చి, మోకాలు కొద్దిగా వంచి దిగాలి. శిఖరం నుంచి నేరుగా సాంక్రీకి దించే కార్యక్రమాల కన్నా మధ్యలో హర్‌గావ్ క్యాంపు దగ్గర ఒక రాత్రి ఆపేవి మోకాళ్లకు మేలు. మీరు తెచ్చిన ప్రతి ప్లాస్టిక్ కవరూ, వాడిన ప్యాడ్లూ, బ్యాటరీలూ తిరిగి సాంక్రీకి తేవాలి. మంచు కింద పాతిపెట్టినవి వేసవిలో కరిగిన నీటితో కిందికి, ఊళ్లు తాగే వాగుల్లోకి చేరతాయి.

గైడ్లకు, వంటవారికి, కూలీలకు, కంచర గాడిదల యజమానులకు ఇచ్చే బహుమతి సొమ్మును బృందమంతా కలిపి సేకరించి, ఒకరికే అందించకుండా ఎవరి చేతికి వారికి ఇవ్వండి. సాంక్రీ నుంచి బయలుదేరే ముందు రాత్రే ఆ పని ముగిస్తే తెల్లవారుజామున బండి హడావుడిలో వంటమనిషిని మరచిపోయే ప్రమాదం ఉండదు. ఇంటికి చేరాక వారం రోజుల్లోపు దగ్గు ఆగకపోయినా, వేళ్ల కొసల్లో స్పర్శ తిరిగి రాకపోయినా, ఎంత ఎత్తున ఎన్ని రాత్రులు గడిపారో రాసుకున్న కాగితంతో సహా వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఆ వివరం లేకపోతే మన ఊళ్లో దాన్ని మామూలు జలుబుగా చూసి మందు రాసిచ్చే అవకాశమే ఎక్కువ.